భజన సమాజమునకు కీబోర్డా, ట్యాబా?



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము చూచుటకు చిన్నది. గ్రామమున భజన సమాజమువారు చందాలు వసూలు చేసి యొక వాద్యమును కొనదలచినప్పుడు, మెట్లుగల కీబోర్డును కొనవలెనా, లేక బడిపిల్లల చేతులలోగూడ కనిపించుచున్న ట్యాబును కొనవలెనా యనునదే ఆ విషయము. మా నందివాడ ప్రాంతమునను, గుడివాడ మొదలు బందరు వరకు గల పల్లెలయందును, ధనుర్మాసపు వేకువ భజనకుగాని, శ్రీరామనవమి పందిరికిగాని, తిరునాళ్లలోని పద్యనాటకమునకుగాని ఏదో యొక వాద్యము లేక జరుగదు. పాత హార్మోనియములు తిత్తులు చినిగి మూలబడుచున్నవి; వానిని బాగుచేయువారు అరుదగుచున్నారు. పెట్టెయే కావలెనని పెద్దలందురు; ట్యాబు చాలునని యువకులందురు.

ఇది వేడుకకై కొను వస్తువైనచో ఇంత ఆలోచన అక్కరలేదు. కాని డబ్బు ఊరిది. కొన్న వస్తువు ఏండ్ల తరబడి మన్నవలెను. అంతకన్న ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు: ఆ వస్తువు వచ్చిన తరువాత ఊరిలో పాడువారును, వాయించువారును పెరుగవలెనుగాని తరుగరాదు. నేను చిన్ననాటినుండి భజనలలో హార్మోనియమును, ఆ వెనుక కీబోర్డును వాయించుచు వచ్చినవాడను. ట్యాబుమీదను వ్రేళ్లుంచి చూచినవాడను. ఆ యనుభవముతో ఈ రెండింటి గుణదోషములను విన్నవించెదను.

మొదట ఒక సంగతి జ్ఞాపకము చేసికొందము. మనము నేడు పాతదనియు, మనదనియు భావించు హార్మోనియముకూడ ఒకనాటి పరదేశపు క్రొత్త యంత్రమే. పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబేన్ అను వాద్యనిర్మాత 1842లో ఆ పేరుతో దానికి పేటెంటు పొందెను. అది కాళ్లతో త్రొక్కి గాలి నింపవలసిన పెట్టె. కలకత్తా వాస్తవ్యుడగు ద్వారకానాథ ఘోషు 1875 ప్రాంతమున దానిని నేలపై కూర్చుండి, ఒక చేత తిత్తి కదల్చుచు, రెండవచేత వాయించుటకు వీలుగా మార్చెను. తేలికగా మోసికొనిపోవచ్చును గనుక అది నాటకశాలలకును, భజనమందిరములకును వేగముగా ప్రాకెను. బందరు హిందూ హైస్కూలున తెలుగు పండితులుగా నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, వారి జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును రచించిన పాండవ నాటకముల పద్యములు రంగస్థలముమీద హార్మోనియము తోడుగానే మ్రోగినవి.

అంతటి వాద్యమునకును నింద తప్పలేదు. ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును తమ ప్రసారములనుండి తొలగించిరి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైననాటికి ఆ నిషేధము అమలులోనే యున్నది. 1971లోగాని అది సడలలేదు. నిషేధించినవారి వాదము తీసివేయదగినది కాదు. హార్మోనియపు స్వరములు మెట్లవలె విడివిడిగా నుండును. మన గాత్రమో, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుచు, ఊగుచు పోవును. గమకమే ప్రాణముగా గల సంగీతమునకు మెట్ల వాద్యము సరిపడదని వారి యాక్షేపణ.

దీనినే లెక్కతో చెప్పెదను. మన షడ్జమము సెకనునకు 240 మారులు కంపించుననుకొందము. దానితో శుద్ధముగా కలిసిన పంచమము 360 మారులు కంపించును. అంతరగాంధారము 300 మారులు కంపించును. ఇప్పటి హార్మోనియము, కీబోర్డు మొదలగువానిలో స్థాయిని పండ్రెండు సమానభాగములుగా విభజించుటచే పంచమము సుమారు 359.6 వద్దను, గాంధారము సుమారు 302.4 వద్దను నిలుచును. పంచమపు భేదము చెవికి అందదు. గాంధారపు భేదము అందును. తంబురా శ్రుతిలో లీనమై పాడు గాయకుని గాంధారమును, పెట్టె గాంధారమును కలిసి మ్రోగినప్పుడు సెకనునకు రెండు మూడు అలలుగా ధ్వని వణకుట వినవచ్చును. ఎడతెగక పెట్టెతో పాడువాని గొంతు క్రమముగా పెట్టెవైపునకే జరుగును. కావున క్రొత్త వాద్యమేది వచ్చినను, అది గొంతును తన దారికి లాగుచున్నదా, లేక గొంతు వెంట తాను పోగలదా యని ముందు పరీక్షింపవలెను.

ఇక ఈ రెండు వస్తువుల స్వరూపమును చెప్పెదను. సింథసైజరనగా విద్యుత్ప్రకంపనములను పుట్టించి, వానిని వడగట్టి, మలచి, ధ్వనిగా మార్చు వాద్యము. హార్మోనియమున ఇత్తడి రీడు చేయు పనిని ఇందు విద్యుత్తు చేయును. అమెరికాలో రాబర్టు మూగ్ 1964లో నిర్మించినది బీరువావంటి యంత్రము. 1970లో వెలువడిన మినీమూగ్‌తో అది చేత మోయదగిన పెట్టె యయ్యెను. తరువాత సూక్ష్మమైన చిప్పులు వచ్చి వేణువు, వయొలిను, హార్మోనియము మొదలగువాని ధ్వనులను ముందే ముద్రించి మెట్లక్రింద అమర్చుట సాధ్యమైనది. కాసియో, యమహా, రోలాండ్, కోర్గ్ మొదలగు పేర్లతో మన ఊళ్లకు వచ్చిన కీబోర్డులలో ఈ రెండు పద్ధతులును కలవు. కోర్గ్ సంస్థ 2013లో తెచ్చిన వోల్కా పెట్టెలవంటివి మరింత చిన్నవి. గోడగడియారమునకు వాడునట్టి చిన్న సెల్సు ఆరింటితో పనిచేయును.

ట్యాబు అట్లు కాదు. అది వాద్యముగా పుట్టినది కాదు. లెక్క వ్రాయుటకు, వార్త చదువుటకు, బొమ్మ చూచుటకు పనికివచ్చు గణనయంత్రము; దానిలో సంగీతపు ప్రోగ్రామును వేసినప్పుడు మాత్రమే వాద్యమగును. ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను 2010లోను, దానికి గ్యారేజ్‌బ్యాండ్ అను సంగీతపు ప్రోగ్రామును 2011లోను విడుదల చేసెను. ఒకే పలక తంబురా యగును, తబలా యగును, పియానో యగును, పాటను ముద్రించు స్టూడియో కూడ అగును. బరువు అరకిలో మాత్రమే. అన్ని పనులు చేయు ఈ పలక యుండగా, నాలుగైదు కిలోల పెట్టె మోయనేల యని యువకులడుగుట సహజమే.

దీనికి సమాధానము చేతినుండి మొదలగును. వాయించువాడు తన చేతిని చూడడు. పాడువాని ముఖమును చూచును. ఎప్పుడు పాట అందుకొనునో, ఎచ్చట ఊపిరి తీయునో కనిపెట్టి యుండవలెను. కీబోర్డున నల్లమెట్లు ఎత్తుగా నుండుటచే చీకటిలోనైనను వ్రేళ్లు దారి గుర్తించును. అద్దపు పలకమీద ఎత్తుపల్లములు లేవు. కన్ను దానిమీదనే యుండవలెను. మెట్టును మెల్లగా నొక్కిన మెల్లగా, గట్టిగా నొక్కిన గట్టిగా పలుకు ఏర్పాటు మంచి కీబోర్డులలో కలదు. అద్దమునకు వ్రేలి బలము సరిగా తెలియదు. చెమట పట్టిన వ్రేళ్లను అది తప్పుగా గ్రహించుటయు కలదు. మన ప్రాంతపు ఉక్కలో ఇది చిన్న దోషము కాదు.

రెండవది ఆలస్యము. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. యంత్రము సెకనులో నూరవవంతు ఆలస్యముగా పలికిన, వాయించువానికి ఆ ధ్వని మూడున్నర మీటర్ల దూరమునుండి వచ్చినట్లుండును. ఇది సహింపదగినది. మంచి కీబోర్డులలో ఆలస్యము ఇంతకు మించదు. ట్యాబులలో కొన్ని ఇట్లే చురుకుగా నుండును. చౌకరకములు చాల వెనుకబడును. అన్నిటికన్న హెచ్చు అపాయము తీగలేని బ్లూటూత్ స్పీకరు. దానివలన సెకనులో అయిదవవంతు ఆలస్యము కలుగుట అరుదు కాదు. అనగా గుడిలో నొక్కిన స్వరము 68 మీటర్ల అవతల చేపలచెరువు గట్టుమీదినుండి వినిపించినట్లగును. అట్టి స్పీకరుతో తాళము నిలుచుట కల్ల. నేటి ట్యాబులు కొన్నింటికి తీగ తగిలించు రంధ్రమే లేదు గనుక, కొనకముందే ఈ సంగతి విచారింపవలెను.

మూడవది గమకము. ఇచ్చట ట్యాబునకు న్యాయము చేయవలెను. అద్దముమీద వ్రేలిని జార్చిన స్వరముకూడ వీణతీగమీదవలె జారునట్టి ప్రోగ్రాములు కలవు. మెట్లకు లేని గుణమిది. అయితే కీబోర్డునకును ఉపాయము లేకపోలేదు. హార్మోనియమున ఎడమచేయి తిత్తికి బందీ. కీబోర్డున తిత్తి లేదు. ఎడమచేయి విడుదల పొందినది. ఆ చేతిక్రింద పిచ్ బెండ్ అను చిన్న చక్రముండును. దానిని త్రిప్పిన స్వరము పైకిని క్రిందికిని వంగును. కుడిచేత మెట్టు నొక్కి, ఎడమచేత ఊపు నిచ్చుట అభ్యాసమున పట్టుబడును. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను విద్వాంసుడు 1982లో పది రాగములను సింథసైజరులపై వాయించి రికార్డుగా వెలువరించినప్పుడు, స్వరమునుండి స్వరమునకు జారు గుణముగల యంత్రమును చేకొనెను. కావలసినది గుణమెరిగి వాడుట. మన భజనలలో అనేకులు ఆ చక్రమును ముట్టరు. ఎడమచేతిని ఊరక మోకాలిమీద పెట్టికొందురు. యమహా, కోర్గ్ కీబోర్డులలో కొన్నింటియందు ఒక్కొక్క స్వరమును విడిగా సవరించు వీలుకూడ కలదు. ఒక అరమెట్టును నూరు సెంట్లుగా లెక్కించి, అంతరగాంధారమును 14 సెంట్లు తగ్గించినచో ఇంతకు మునుపు చెప్పిన 302.4 కంపనములు 300కు వచ్చి, గొంతుతో కలియును. అయితే తిత్తి ఊపుతో స్వరమును పెంచి తగ్గించు హార్మోనియపు సొగసు కీబోర్డునకు రాదు. దానికి కాలిక్రింద పెడలు నొకదానిని అమర్చుకొనవలసి యుండును.

నాలుగవది ఎండ, వాన, కరెంటు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియసు వేడివరకే వాడవలెనని దాని తయారీదారులే చెప్పుచున్నారు. చైత్రమాసపు మధ్యాహ్నము శ్రీరామకల్యాణపు పందిరిలో వేడి అంతకు మించుట మనకు క్రొత్త కాదు. మిక్కిలి వేడెక్కిన పలక తనంతట తానే పని మానును. కీబోర్డులో దుమ్మును, చెమ్మయు చేరి మెట్టుక్రింది రబ్బరు పట్టీ మూగవోవుట కలదు; కాని నాలుగు మరలు విప్పి, మెత్తని గుడ్డతో తుడిచి, సరిచేయగల మెకానిక్కులు పట్టణములలో దొరుకుదురు. పలక అద్దము పగిలినను, లోపలి బ్యాటరీ ఉబ్బినను ఖర్చు పెద్దది. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద నందివాడ మండలపు గ్రామములలోనికి వచ్చినది. అట్టి ప్రాంతమున, కరెంటు లేకున్నను సెల్సుతో నడచునట్టి కీబోర్డును ఎన్నుకొనుట వివేకము. బ్యాటరీ నిండియున్నంతసేపు ట్యాబుకూడ నడచును. నిండుకొన్న పిమ్మట మాత్రము అంగడినుండి సెల్సు తెచ్చి వేయుటకు వీలులేదు.

అయిదవది ఆయువు. 1983లో వివిధ సంస్థలవారు కలిసి మిడీ యను పద్ధతిని ఏర్పరచిరి. ఆనాటి కీబోర్డును దానిమూలమున నేటి యంత్రములతో కలుపవచ్చును. ట్యాబుల మాట వేరు. 2017లో ఆపిల్ సంస్థ తన పలకలను నడుపు మూలప్రోగ్రామును మార్చినప్పుడు, మార్పునకు తగినట్లు తిరిగి వ్రాయని పాత ప్రోగ్రాములు ఆ క్రొత్తదానిపై నడువక పోయెను. వస్తువు చెడకయే వాద్యము చెడుట ఇదియే. ఇంకొక చిక్కు: ట్యాబు ఊరకుండదు. ఒక పందిరిలో మంగళహారతి జరుగుచుండగా, వాయించుచున్న పలకకే ఎవరో ఫోను చేయుటచే శ్రుతి ఆగిపోయినది. పాడువారు ఎవరి దారిని వారు పోయిరి. వాయించుటకు ముందు విమానప్రయాణములో వాడు మోడ్‌లో దానిని పెట్టినచో ఈ బాధ యుండదు.

ఇంతవరకు వస్తువుల సంగతి. ఇక మనుష్యుల సంగతి. నా దృష్టిలో నిర్ణయమునకు మూలమిదియే.

భజనమందిరమున హార్మోనియము ఊరివారి ఆస్తిగా నుండెను. ఎవడు వాయించుచున్నను పిల్లలు చుట్టు మూగి వ్రేళ్లు ఎచ్చటెచ్చట పడుచున్నవో చూచెడివారు. భజన ముగిసిన తరువాత వారిలో నొకడు జంకుచు నొక మెట్టు నొక్కెడివాడు. మన పల్లెలలో వాయించువారు అనేకులు ఇట్లు చూచి నేర్చినవారే. కీబోర్డు ఈ ధర్మమును నిలుపును. అది నలుగురి నడుమ నుండును, మెట్లు అందరికిని కనిపించును. ట్యాబు ఒక్కని ఒడిలో నుండును. దాని ముఖము అతనివైపే యుండును. దానికి రహస్యపు తాళము వేయబడి యుండును. లోపల అతని ఇంటి ఫొటోలు, జాబులు, డబ్బు లెక్కలు నుండును. భజన కాగానే జేబులోనికో, సంచిలోనికో పోయి అతని యింటికి చేరును. సమాజపు డబ్బుతో కొన్నను అది సమాజపు వస్తువుగా నిలుచుట కష్టము.

తాళమునుగూర్చి రెండు యంత్రములకును ఒకే హెచ్చరిక. రెండింటిలోను మీట నొక్కిన తోడనే తబలా, డోలకు వాటంతట అవి మ్రోగును. వీనిలో హెచ్చుభాగము మూడు, నాలుగు అక్షరముల లెక్కలు. అయిదక్షరముల ఖండచాపు, ఏడక్షరముల మిశ్రచాపు అన్నింట దొరకవు. దొరకినను, భజనలో నాయకుడు మెల్లగా ఎత్తుకొని, జనులు ఉత్సాహపడినకొలది కాలము పెంచుచు పోవును. యంత్రము ఆ ఉత్సాహమునెరుగదు. పద్యమునకో, తాళమే లేదు. నటుడు రాగమును సాగదీసినంతసేపు వాద్యము వేచియుండవలెను. దీనికన్న పెద్ద నష్టము వేరొకటి. మృదంగమో, డోలకో వాయించువానికి పిలుపు తప్పును. రెండేండ్లు పిలుపు లేనిచో అతని కుమారుడు ఆ వాద్యమును చేతబట్టడు. కొన్నది ఒక పెట్టె. పోగొట్టుకొన్నది ఒక విద్య. కావున ఆ మీటను ఇంటిలో సాధనకు వాడుకొనవచ్చునుగాని, మృదంగకారుడున్న ఊరిలో సభలో వాడరాదని నా యభిప్రాయము.

అయినను ట్యాబును త్రోసివేయుమని చెప్పుటలేదు. దానికి తగిన పనులు మూడు కలవు. మొదటిది శ్రుతి. బెంగుళూరువాసి జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను నిర్మించినది మొదలు, యంత్రశ్రుతి గాయకులకు అలవాటైనది. ఆ పనిని నేడు పలకయో, ఫోనో చేయగలదు. ఎవరి గొంతునకు తగిన శ్రుతిని వారికి ఇచ్చును. దీనివలన ఎవరి పనియు పోదు. రెండవది అభ్యాసము. ఒక పాటను శ్రుతి మారకుండ వేగము మాత్రము తగ్గించి వినిపించుట దానికి సుకరము. పిల్లలు ఒక్కొక్క సంగతిని పట్టుకొనుటకు ఇది మేలైన సాధనము. మూడవది భద్రపరచుట. మన ప్రాంతమున తరంగములకును, తత్త్వములకును, రామభజన కీర్తనలకును ఊరికొక వరుస కలదు. పుస్తకములలో అక్షరములున్నవి, వరుసలు వృద్ధుల గొంతులలో మాత్రమే యున్నవి. ఒక వృద్ధుడు కన్నుమూసినప్పుడెల్ల కొన్ని వరుసలు అతనితో పోవుచున్నవి. ఊరిలో ఇప్పటికే యున్న ట్యాబును వారియెదుట పెట్టి పాడించి దాచినచో, మనుమలు వాయించుటకు ఆధారముండును. ఈ పనిని మెట్ల కీబోర్డు చేయలేదు.

కావున గ్రామ పెద్దలకు నా మనవి యిది. చందా డబ్బుతో కొనవలసినది కీబోర్డు. కొనునప్పుడు నాలుగు విషయములు చూడుడు: మెట్లు పూర్తి కొలతలో నుండి వ్రేలి బలమునకు లొంగునా, పిచ్ బెండ్ చక్రము కలదా, సెల్సుతో నడచునా, యు.యస్.బి. ద్వారా మిడీ కలుపుటకు వీలున్నదా. ఈ కడపటిదానివలన, కావలసినప్పుడు కీబోర్డు మెట్లతోనే ట్యాబులోని ధ్వనులను పలికింపవచ్చును. వేరుగా ట్యాబు కొనుటకు ఊరి సొమ్ము వెచ్చింపనక్కరలేదు. పెట్టెను ఒకరి యింట గాక మందిరముననే యుంచి, వారమునకు రెండు సాయంకాలములైనను పిల్లలకు దానిని విడువుడు. ఆడపిల్లలనుకూడ దానియొద్ద కూర్చుండబెట్టుడు. మృదంగమునకు పిలుపు మానకుడు. పాత హార్మోనియము బాగుపడునట్టిదైన, దాని తిత్తిని కట్టించి ప్రక్కనే యుంచుడు. కరెంటుగాని, సెల్సుగాని అడుగని వాద్యము అదియొక్కటే గదా.

యంత్రములు మారుచునే యుండును. పారిస్ పెట్టె మన పెట్టె యైనట్లు, ఈ కీబోర్డుకూడ రేపు మనదే కావచ్చును. అది మనదగుట దాని ధరలోను, ధ్వనుల సంఖ్యలోను లేదు. ఊరిలో ఎందరి వ్రేళ్లు దానిమీద నడచినవో దానిలో నున్నది.